వాగు దాటించిన మనిషి

పేరు అడిగితే పేరు చెప్పని మనుషులంటే నాకు ఒళ్లు మండుతుంది. నా ఉద్యోగం అలాంటిది. హాజరు పిలిచేటప్పుడు ఒకరు తల ఊపుతారు, ఒకరు వేలెత్తుతారు, ఇంకొకరు పక్కవాడిని పొడిచి వాడి చేత పలికిస్తారు. నోట్లోంచి ముత్యాలేమైనా రాలిపోతాయా అని అరుస్తాను. అరిచీ అరిచీ కాలేజీలో నాకో ముద్దుపేరు కూడా వచ్చింది. అది ఇక్కడ చెప్పను.

అసలు పేరు కళావతి. మాది మధిర. భద్రాచలంలో జూనియర్ కాలేజీ ఇంగ్లీషు లెక్చరర్‌ని. వారమంతా ఇంటర్ పిల్లలతో గొంతు చించుకుని, ఆదివారం అదే కాలేజీలో దూరవిద్య డిగ్రీ వాళ్లకు పాఠాలు చెప్పేదాన్ని. అంగన్‌వాడీ టీచర్లు, హోంగార్డులు, ఆర్టీసీ కండక్టర్లు వచ్చేవాళ్లు. మిగతా సబ్జెక్టులు ఎలాగో గట్టెక్కేవి. బండి ఇంగ్లీషు దగ్గర దిగబడేది. రిలేటివ్ క్లాజుల దగ్గరికి వచ్చేసరికి ఇరుసు దాకా దిగబడేది.

నాకో పద్ధతుంది. బోర్డు మీద తెలుగులోనే "నిన్న వచ్చిన మనిషి" అని రాస్తాను. చూడండి, మన భాషలో ముందు ఆ మనిషి సంగతి వస్తుంది, ఆఖరున మనిషి వస్తాడు. పంపు దగ్గర అమ్మలక్కలు ఒకరి గుట్టంతా విప్పి, చివర్లో "ఎవరనుకున్నావ్, ఆవిడే" అంటారే, అట్లా. ఇంగ్లీషువాడికి అంత ఓపిక లేదు. ముందే మనిషిని నిలబెడతాడు. ద మ్యాన్. దానికి హూ అని ఒక కొక్కెం తగిలిస్తాడు. ఆ కొక్కేనికి మిగతా సంగతంతా వేలాడదీస్తాడు. ద మ్యాన్ హూ కేమ్ యెస్టర్డే. మనుషులకైతే హూ, వస్తువులకైతే విచ్. ఇంతవరకు హోంగార్డులు కూడా తల ఊపేవాళ్లు.

చిక్కంతా కామాతో వస్తుంది. పేరు ముందే చెప్పేశామనుకోండి, మనిషెవరో తెలిసిపోయింది. ఇక హూ తర్వాత వచ్చేది ఉంటే ఉంది, లేకుంటే లేదు. అందుకే దాన్ని కామాల మధ్య పక్కకు కూర్చోబెడతాం. పేరు చెప్పలేదనుకోండి, అప్పుడు హూ తర్వాత వచ్చేదే ఆ మనిషికి ఆనవాలు. అది తీసేస్తే మనిషే తప్పిపోతాడు. అక్కడ కామా పెట్టకూడదు. "పేరుంటే క్లాజు సోకు, పేరు లేకుంటే క్లాజే దిక్కు" అని అందరి చేతా వల్లె వేయించేదాన్ని. ఈ ముక్క ఏ గ్రామరు పుస్తకంలోనూ లేదు, నా సొంతం. దాన్ని చూసుకుని కాస్త మురిసిపోయేదాన్ని కూడా.

రెండు వేల ఏడులో ఆ క్లాసుకు హేమలత అనే అమ్మాయి వచ్చేది. లంబాడా పిల్ల. ములకలపల్లి అవతల అడవి అంచున ఉన్న తండాలో అంగన్‌వాడీ టీచరు. భర్త కోటేష్ అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో ట్రాక్టరు నడుపుతూ అక్కడే ఉంటాడు, వీలైనప్పుడు ఇంటికొస్తాడు. డిగ్రీ అయితే ఈ పిల్లకు సూపర్‌వైజరు పోస్టుకు దారి దొరుకుతుంది. అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటి తప్పింది. చంటిపిల్లను చంకనేసుకుని బస్సులు మారి వచ్చి, మొదటి బెంచీలో కూర్చునేది.

ఒక వారం ఇంట్లోవాళ్ల గురించి పేర్లు పెట్టి, కామాలు పెట్టి వాక్యాలు రాసుకు రమ్మన్నాను. హేమలత రాసిన దాంట్లో పేరుండాల్సిన చోట ఖాళీ. కామా ఉంది, హూ ఉంది, మామగారు చేసే వ్యవసాయం ఉంది, మామగారే లేడు.

"పేరేదమ్మా?" అన్నాను.

"రాయలె మేడం."

"అది కనబడుతూనే ఉంది. ఎందుకు రాయలేదని అడుగుతున్నాను."

హేమలత తల వంచుకుంది. వెనక బెంచీలోంచి ఎవరో "వాళ్లల్ల మామ పేరు పలుకరు మేడం" అన్నారు.

"పలకమన్నానా? రాయమన్నాను."

"రాసేటప్పుడు లోపల పలుకుతం గద మేడం," అంది హేమలత మెల్లగా. "అత్త పేరు, మామ పేరు, ఇంటాయన పేరు. పలికితే వాళ్ల ఆయుస్సు తగ్గుద్దంటరు. చదువుకున్న, నాకు తెలువదా. అయినా నోరు రాదు."

"మరి మీ అత్తగారు ఆయన్ని ఏమని పిలుస్తుంది?"

"ఏమనదు మేడం. కొడుకు పేరు చెప్పి వాని బా అంటది. మస్తు కోపమొస్తే ఏయ్ అంటది." బా అంటే వాళ్ల భాషలో నాన్న.

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వూ వచ్చింది, మంటా వచ్చింది. పరీక్షలో ఖాళీలు వదిలితే మార్కులూ ఖాళీగానే వస్తాయి, పేరు రాయలేకపోతే కామాలు పీకేసి పేరు లేని వాక్యాలే రాసుకురా పో అన్నాను. తర్వాతి ఆదివారం పేజీ నింపుకొచ్చింది. ద మ్యాన్ హూ సెంట్ మీ టు కాలేజ్ ఈజ్ మై ఫాదర్ ఇన్ లా. నన్ను కాలేజీకి పంపిన మనిషి మా మామ. నా బిడ్డకు జోల పాడే మనిషి మా మామ. నేను చదువుకుంటుంటే మేకల్ని తోలుకుపోయిన మనిషి మా మామ. ఒక్క తప్పు లేదు. తక్కినవాళ్లు హూకీ విచ్‌కీ మధ్య కొట్టుకుంటుంటే, ఈ పిల్ల ఒక్క పేరైనా రాయకుండా ఇంటిల్లిపాదినీ తెచ్చి నిలబెట్టింది. కోడలిగా వచ్చిన నాటి నుంచి చేస్తున్న పనే కదా.

ఆ మామగారికి మతిమరుపు మొదలైందని ఆమె చెబితేనే తెలిసింది. ఒక్కోరోజు బాగానే ఉంటాడట. ఒక్కోరోజు కన్నకొడుకునే "ఎవరి పిల్లగానివిరా" అని అడుగుతాడట. కన్ను మూసి తెరిచేలోగా ఎటో నడుచుకుంటూ పోతాడు కాబట్టి ఒంటరిగా వదలడానికి లేదు.

అందుకే ఇంగ్లీషు పరీక్ష రోజున ఇంటిల్లిపాదీ దిగారు. హేమలత పరీక్ష హాల్లోకి పోయింది. అత్తగారు గోరి కాలేజీ ప్రహరీ నీడలో మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కనే ముసలాయన. పాఠం చెప్పినదాన్ని కాబట్టి నాకు హాల్లో డ్యూటీ వేయరు. అయినా ఇంట్లో కాళ్లు నిలవక గేటు దగ్గరే తచ్చాడుతున్నాను. 

పరీక్ష సగంలో ఉండగా గోరి నా దగ్గరికి వచ్చింది. అద్దాల రవికె మీద చెమట, చంకలో పిల్ల ఏడుపు.

"మేడమ్మా, ఆయన కనబడ్తలేడు."

పిల్లకు నీళ్లు తాగించడానికి పంపు దాకా వెళ్లి వచ్చేసరికి ముసలాయన కూర్చున్న చోట లేడట. ముందు కాలేజీ చుట్టూ వెతికాం. నాకు మొదట తట్టింది గోదావరి. గబగబా కరకట్ట ఎక్కి చూశాను. ఇసుక, దూరంగా సన్నని నీళ్లు, మనిషి జాడ లేదు. కిందికి దిగుతుంటే సోడా బండివాడు "ఎర్ర రుమాలు చుట్టుకున్న ముసలాయనా? బస్టాండు దిక్కు పోయిండు" అన్నాడు.

"హేమలతను పిలిపిస్తాను, హాల్లో చెప్పి బయటికి తెప్పిస్తాను" అన్నాను.

గోరి నా చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. నడుమల లేపితే మళ్ల తప్పుద్ది. దాన్ని చదివిచ్చింది ఆయననే. రాయనియ్యి. మనం చూసుకుందాం పా."

బస్టాండుకు పోయాం. చర్ల బస్సు, వెంకటాపురం బస్సు, కుంట బస్సు, రాజమండ్రి బస్సు, అన్నీ మనుషుల్ని ఎక్కించుకుంటున్నాయి. ఆయన ఏదో ఒకటి ఎక్కి కూర్చుంటే చాలు. అడవి మధ్యలో ఏ స్టేజీలోనో దించేస్తారు. ఎండాకాలం ఎండ. ఊరు పేరు చెప్పలేడు, దారి తెలియదు. ఎటు నడిస్తే అటే. అలా పోయిన ముసలివాళ్లు ఎండకు రాలిపోవడం ఈ ప్రాంతంలో కొత్త కాదు. గోరికి నేను చెప్పనక్కర్లేదు, అది ఆమె మొహంలోనే ఉంది.

ఎంక్వయిరీ గదిలో మైకు ముందు కంట్రోలర్ దూలయ్య కూర్చున్నాడు. ఆయన కూతురు నా దగ్గర ఇంటర్ చదివింది కాబట్టి లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. సంగతి చెప్పాను.

"గంతేనా మేడం, జల్దీ అనౌన్స్ చేస్త," అని మైకు దగ్గరికి లాక్కున్నాడు. "పేరేంది పెద్దమ్మా?"

గోరి పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది.

"పెద్దమ్మా, నిన్నే. మీ ఆయన పేరేంది?"

"కోటేష్ బా," అంది గోరి.

"కోటేష్ ఎవరు?"

"నా కొడుకు."

"కొడుకు పేరు కాదు, తప్పిపోయినాయన పేరు కావాలె."

గోరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఇక లోపల ఉడకడం మొదలైంది. "గోరమ్మా, ఆయుష్షు తగ్గుతుందని చూస్తున్నావా? ఇప్పుడు పేరు చెప్పకపోతే ఆయన ఆయుష్షు ఈ పూటకే చెల్లిపోతుంది. చెప్పు!" అని అరిచాను. బయట బెంచీల మీద వాళ్లు కూడా తిరిగి చూశారు.

గోరి కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు తెరిచింది, మూసింది. నిజంగానే రావడం లేదని అప్పుడు నాకు అర్థమైంది. మొండితనం కాదు. అంత వయసు వచ్చేదాకా ఒక్కసారి కూడా తిప్పని మాటకు నాలుక తిరగడం లేదు. చివరికి దూలయ్య వైపు కాకుండా గోడ వైపు తిరిగి అంది.

"సంపదలిచ్చే తల్లి పేరు ముందల. ఈ గుట్ట మీది దేవుని పేరు ఎన్క."

అవతల బస్సులు హారన్లు కొడుతుంటే ఇక్కడ పొడుపు కథలు. కానీ దూలయ్య కోయ ఇంటి మనిషి, ఇలాంటివి విని పెరిగినవాడు. వేళ్లు మడిచి లెక్క కట్టాడు. "తల్లంటే లచ్చిందేవి. గుట్ట మీది దేవుడు రాముడు. లచ్చిరామా?"

గోరి గోడకేసి చూస్తూనే తల ఊపింది.

"లచ్చిరాం, లచ్చిరాం! ములకలపల్లి నుంచి వచ్చిన లచ్చిరాం ఎక్కడున్నా ఎంక్వయిరీ కాడికి రావాలె. మీవాళ్లు ఎదురుచూస్తున్నరు." మైకు బస్టాండంతా మోగింది.

ఒక లచ్చిరాం వచ్చాడు. నడివయసు మనిషి, భుజాన ఎరువుల సంచి, వేరే తండా. "నన్నెవరు పిలిచిండ్రు?" అన్నాడు.

"నువ్వు కాదు, పో," అన్నాడు దూలయ్య.

"నేను కాకపోతే నా పేరెందుకు పిలిచిండ్రు?" అని వాడు గొడవకు దిగాడు. విషయం చెప్పాక సంచి కిందికి దించి, ఏమవుతుందో చూద్దామని అక్కడే నిలబడిపోయాడు.

దూలయ్య ఈసారి ఆనవాళ్లు కూడా కలిపాడు. తెల్ల ధోవతి కట్టుకున్న, ఎర్ర రుమాలు చుట్టుకున్న, చేతికర్ర పట్టుకున్న లచ్చిరాం. నేను కిటికీలోంచి చూశాను. ఆ రోజు ఎక్కడో పెళ్లి ఉన్నట్టుంది, తెల్ల ధోవతి, ఎర్ర రుమాలు, చేతికర్ర ఉన్న ముసలివాళ్లు ప్లాట్‌ఫారాల నిండా ఉన్నారు. పదిమందికీ సరిపోయే ఆనవాలు ఆనవాలెట్లా అవుతుంది? ఒక మచ్చో, కుంటుకాలో ఉందా అని గోరిని అడిగాను. ఏమీ లేవంది. మామూలు మనిషి.

దూలయ్య మళ్లీ పిలిచాడు. కుంట బస్సు వెళ్లిపోయింది. అందులో ఉన్నాడేమో తెలియదు. దూలయ్య ఒక కండక్టరును తక్కిన బస్సులు చూసి రమ్మని పంపాడు. ఎవరు మీలో లచ్చిరాం అని అడుగుతూ పోతున్నాడు ఆ అబ్బాయి. ఆ పద్ధతిలో దొరికే మనిషైతే ఈపాటికి దొరికేవాడే.

"పేరు వినబడుతున్నా ఎందుకు రావడం లేదు?" అన్నాను, ఎవరితో అంటున్నానో నాకే తెలియకుండా.

"ఆ పేరు ఆయనకు ఏడ యాదికుంటదమ్మా?" అంది గోరి. "పిలిచేటోళ్లు ఎవరున్నరు? ఆయన యాడి, కన్నతల్లి, పిలిచేది, సచ్చిపోయింది. అన్న పిలిచేటోడు, ఆయన కూడ పోయిండు. తండాల చిన్నోళ్లంత కాకా అంటరు. నేను ఎన్నడు పిలువలె. అది తన పేరని ఆయనకు ఎట్ల తెలుస్తది?"

పేరుంటే చాలు, మనిషి దొరికినట్టే అని ఆదివారం ఆదివారం బల్ల గుద్ది చెప్పినదాన్ని. ఇక్కడ పేరుంది. బస్టాండంతా మోగుతోంది. మనిషి లేడు.

వెంకటాపురం బస్సు ఇంజను స్టార్టయింది. గోరి ఒక్కసారి లేచి పిల్లను నా చేతుల్లో పెట్టింది. "అది నాకియ్యి బిడ్డా," అని దూలయ్య దగ్గర మైకు లాక్కుంది. రూల్సు ఒప్పుకోవని దూలయ్య నా వైపు చూశాడు. రూల్సు సంగతి తర్వాత చూద్దువుగాని కూర్చో అన్నాను.

ముందు లంబాడీలో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బయట ప్లాట్‌ఫారం మీద ఉన్న లంబాడా ఆడవాళ్లు మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకుని కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సంచి లచ్చిరాం "అవ్వా!" అని చెంప మీద చెయ్యి వేసుకున్నాడు.

"పెద్దమ్మా, తెలుగుల చెప్పు. అందరికి తెలువాలె," అన్నాడు దూలయ్య.

గోరి గొంతు సవరించుకుంది. మైకును రెండు చేతులతో పట్టుకుని, తండాలో ఈ చివర నుంచి ఆ చివరకు పిలిచే గొంతుతో చెప్పింది.

"వానకాలం వాగు పొంగినప్పుడు, కొత్త పెండ్లాన్ని భుజం మీద ఎత్తుకొని వాగు దాటిచ్చిన మొగోడు యాడున్నా ఈడికి రావాలె! వాగుల నేను కొట్టుకపోతుంటే ఒక్క చేత్తోటి నన్ను గుంజిన మొగోడు! గజఈతగాడు! నన్ను బతికిచ్చిన మొగోడు యాడున్నా రావాలె!"

బయట ఎవరో చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చేసింది. మొగుడి పేరు పలకడానికి గోడ చాటు చూసుకున్న మనిషి, ఇంతమంది ముందు ఈ మాట చెప్పింది. నా పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆయన గురించి నేను ఇలాంటి మాట ఇంట్లో కూడా అనలేదు. పిల్ల తలను నా మెడకు అదుముకుని అట్లాగే నిలబడ్డాను.

అప్పుడు వెంకటాపురం బస్సు రేకు మీద ఎవరో కర్రతో దబదబా బాదిన చప్పుడు. బస్సు ఆగింది. తెల్ల ధోవతి, ఎర్ర రుమాలు, చేతికర్ర ఉన్న ముసలాయన కండక్టరును తోసుకుంటూ దిగాడు. నేరుగా ఎంక్వయిరీ గది మీదికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఎవడ్రా మైకుల అబద్ధాలు చెప్పేది?" అని దూలయ్య మీద కర్ర ఎత్తాడు. "నేను ఎత్తుకున్ననా? నువ్వు చూసినవా? నాకు ఈతే రాదు! కొట్టుకపోయింది నేను! ఆ పిల్లనే నా జుట్టు పట్టి ఒడ్డుకు గుంజింది. ఆమె చేసిన పని నాకు అంటగడ్తవారా? సిగ్గు లేదా?"

దూలయ్య రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కుర్చీ వెనక్కి జరిగాడు. "నేను కాదు తాతా, నేను కాదు!"

గోరి మైకు బల్ల మీద పెట్టి గోడకు చేరబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. నేను పిల్లతో సహా ఆమె దగ్గరికి పోయాను.

"తండాల అందరు గట్లనే చెప్పుకుంటరమ్మా," అంది. "మొగోడే ఆడదాన్ని దాటిచ్చిండని. ఎవరన్న గట్ల అన్నరనుకో, ఏ పని మీదున్నా లేసి కొట్లాటకు పోతడు. అన్నతోటి కూడ కొట్లాడిండు. నిజం చెప్తే ఆడనే కూసుంటడు. అబద్ధమాడితేనే లేసొస్తడు."

ఎంత గుండె! నేనేమో ప్రేమ అనుకుని కళ్లు తుడుచుకుంటున్నాను, ఈవిడ వల వేసింది. పట్టరాని నవ్వొచ్చింది నాకు. దూలయ్యకూ వచ్చింది. సంచి లచ్చిరాం అయితే తన పని కూడా మర్చిపోయి, పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఆపి చెబుతున్నాడు. ముసలాయనను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. గటగటా తాగి, ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

పరీక్ష అయిపోయినట్టుంది, హేమలత పరుగెత్తుకుంటూ వచ్చింది. సోడా బండివాడే చెప్పాడట. మామను చూసి "హమ్మయ్య" అని గుమ్మంలోనే కూలబడింది. నేను పిల్లను ఆమెకు ఇచ్చాను. గది గుమ్మం నిండా జనం, కిటికీ నిండా జనం. అందరూ వాగు కథ వినాలని చూస్తున్నారు.

ముసలాయన కోపం చల్లారింది. గ్లాసు కింద పెట్టి గది నాలుగు మూలలా చూశాడు. గోరిని చూశాడు, నన్ను చూశాడు, హేమలతను చూశాడు. హేమలతను దగ్గరికి పిలిచి లంబాడీలో ఏదో అడిగాడు. చాలా మర్యాదగా, కొత్తవాళ్లను అడిగినట్టు అడిగాడు. హేమలత మొహంలో రంగు పోయింది. గోరి నవ్వు కూడా ఆగిపోయింది. గుమ్మంలోని లంబాడా ఆడవాళ్లు తలలు దించుకున్నారు.

"ఏమంటున్నాడు?" అన్నాను.

హేమలత తెలుగులో చెప్పబోయి, గుమ్మంలో పళ్లికిలిస్తున్న జనాన్ని చూసి ఆగిపోయింది. నాకు దగ్గరగా జరిగి ఇంగ్లీషులో చెప్పింది.

"హి వాంట్స్ ద గర్ల్ హూ పుల్డ్ హిమ్ అవుట్, మేడం."

తనను ఒడ్డుకు గుంజిన పిల్ల ఏదని అడుగుతున్నాడు. ఆమె వచ్చిందా, ఎక్కడుంది అని. ఆ పిల్ల ఆయన ఎదురుగానే నిలబడి ఉంది. వాక్యంలో ఎక్కడా తప్పు లేదు. మెచ్చుకోవడానికి నాకు నోరు రాలేదు.

నేను గోరి వైపు చూశాను. నేనే ఆ పిల్లని అంటుందనుకున్నాను. నేనైతే అనేదాన్ని. భుజాలు పట్టుకుని కుదిపి, గుర్తు తెచ్చుకో అని అరిచేదాన్ని. గోరి అనలేదు. ముందుకు వచ్చి, ఆయన రుమాలు జారిపోతుంటే సరిచేసి ముడి వేసింది. చేతికర్ర తీసి చేతికిచ్చింది. అప్పుడు అందరికీ తెలిసేట్టు తెలుగులోనే అంది.

"ఇంటికాడున్నది. అన్నం వండి నీ కోసం చూస్తున్నది. పోదాం పా."

ఆయన మొహం విప్పారింది. లేచి నిలబడి, జనాన్ని తప్పించుకుంటూ బయటికి నడిచాడు. ములకలపల్లి బస్సు చివరి ప్లాట్‌ఫారంలో ఉంది. ఆ పిల్ల ఎదురుచూస్తోందని చెప్పారు కదా, వెనక్కి తిరిగి చూడకుండా పెద్ద పెద్ద అంగలు వేస్తున్నాడు. హేమలత పిల్లతో ఆయన వెనక పరుగెత్తింది. గోరి అంత వేగంగా నడవలేకపోయింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఆగి ఆగి, వాళ్ల వెనకాల నడిచి వెళ్లింది.